ఉబుంటు 22.04 వేయాలా, 23.10 వేయాలా? నంబర్లు చూసి దెబ్బతిన్నవాళ్లు చెప్పండి

రాయగడ_డీటీపీ:
మాది రాయగడలో చిన్న డీటీపీ షాపు. 2023 చివర్లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత లైనక్స్ సిస్టమ్) వేద్దామని చూస్తే 22.04, 23.10 రెండూ ఉన్నాయి. పెద్ద నంబరే మంచిదనుకుని 23.10 ఎక్కించాను. 2024 జూలైలో అప్‌డేట్లు ఆగిపోయాయి. శ్రావణం పెళ్లికార్డుల ఆర్డర్ల మధ్య షాపు ఆపి 24.04 వేసుకున్నాను. ఇప్పుడు మూడో మెషీన్ తెచ్చాను. అసలు ఈ నంబర్లు ఎలా చదవాలి?

పర్లాకిమిడి_మాస్టారు:
తమ్ముడూ, అది తేదీ. చుక్కకు ముందు సంవత్సరం, తర్వాత నెల. మొదటి ఉబుంటు 2004 అక్టోబరులో వచ్చింది కాబట్టి 4.10. 2006 ఏప్రిల్‌లో రావలసింది జూన్‌కి జరిగితే 6.06 అనే పేరు పెట్టారు. ఇప్పుడు సరి సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చేది ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉండేది, దానికి ఐదేళ్లు అప్‌డేట్లు. మిగతావాటికి తొమ్మిది నెలలే. నీ 23.10 అక్టోబరు నుంచి లెక్కేసుకో, సరిగ్గా జూలై వస్తుంది. .04 చూసి కూడా మోసపోవద్దు, 23.04కి కూడా తొమ్మిది నెలలే. మా ల్యాబులో 22.04 నుంచి మారడానికి 24.04.1, అంటే దాని మొదటి దిద్దుబాటు విడుదల, వచ్చేదాకా ఆగాం. ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు కొత్తదానికి మారమని సిస్టమ్ అడిగేది కూడా అప్పుడే.

సిరోంచ_కుర్రాడు:
నేను డెబియన్ అనే ఇంకో లైనక్స్ వాడతాను. అందులో తేదీ వెతక్కండి. 12.1, 12.2 అంటే దిద్దుబాట్లే, భయం లేకుండా వేసుకోవచ్చు. 12 నుంచి 13 మాత్రం ఇల్లు మారినట్టే. నా సోర్సెస్ ఫైల్‌లో (అప్‌డేట్లు ఎక్కడి నుంచి తేవాలో చెప్పేది) 12 పేరైన బుక్‌వార్మ్ అని కాకుండా స్టేబుల్, అంటే అప్పటికి తాజా స్థిరమైన వెర్షన్ ఏదైతే అది, అని ఉంది. 2025 ఆగస్టులో 13, అంటే ట్రిక్సీ, రాగానే కోడ్‌నేమ్ మారింది, ఒప్పుకుంటారా అని సిస్టమ్ అడిగింది. చదవకుండా వై కొట్టాను. ప్రింటర్ దారిలో పడటానికి రెండు రోజులు పట్టింది. దయచేసి ఆ ఫైల్‌లో వెర్షన్ పేరే రాయండి.

రాయగడ_డీటీపీ:
నా మెషీన్‌లో కెర్నల్ అని 6తో మొదలయ్యే ఇంకో నంబరు కనిపిస్తోంది. అదేంటి?

బరంపురం_అక్క:
అది లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ లోపల హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగం) సొంత నంబరు, ఉబుంటు నంబరుతో కలపకు. 2.4 రోజుల్లో చుక్క తర్వాత సరి అంకె ఉంటే వాడకానికి, 2.5లా బేసి అయితే ప్రయోగాలకి. 2.6తో ఆ పద్ధతి పోయింది. 2011లో 2.6.39 తర్వాత నేరుగా 3.0 అన్నారు, లోపల తలకిందులైందేమీ లేదు. చుక్క తర్వాతి అంకె మరీ పెరిగితే దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ముందు అంకె మారుస్తారు, అంతే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో సిస్టమ్ వాళ్లదీ అలాంటి లెక్కే, 6.9 తర్వాత 7.0. నన్నడిగితే ఉబుంటు పద్ధతే మేలు, వయసు నంబరులోనే తెలుస్తుంది.

రాయగడ_డీటీపీ:
థాంక్స్ అక్కా, మాస్టారూ. మూడోదానికీ 24.04 వేశాను. మూడు సీపీయూల మీదా "2029 ఏప్రిల్" అని స్టిక్కర్ అతికించాను.