బాగా నడుస్తున్న మెషీన్‌ను నెలనెలా విప్పడం అవసరమా?

గ్లాండ్‌ప్యాకింగ్:
మా ప్లాంట్‌లో నెలనెలా పీఎం, అంటే పాడవకముందే చేసే మెయింటెనెన్స్ (ప్రివెంటివ్ మెయింటెనెన్స్). తేదీ వచ్చిందంటే పంపు ఎంత సాఫీగా నడుస్తున్నా ఆపి, కప్లింగ్ గార్డు తీసి, బేరింగ్ కవర్ విప్పి, మళ్లీ బిగించాల్సిందే. వారం తిరక్కుండా సీల్ కారడం మొదలు. నన్నడిగితే ఇది శుద్ధ దండగ. వైబ్రేషన్‌లోనో వేడిలోనో తేడా వస్తేనే చెయ్యి వేయాలి. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్ ఫిట్టర్:
అన్నా, ఆ తేడా కనిపెట్టేదెవరు? మాకున్న వైబ్రేషన్ మీటర్ ఒక్కటే, అదీ ఇంజనీర్ గారి బీరువాలో. తేదీ లేకపోతే ప్రొడక్షన్ వాళ్లు మెషీన్ ఆపనిస్తారా? "ఈ బ్యాచ్ అయ్యాక చూద్దాం" అంటారు. ఆ బ్యాచ్ ఎప్పటికీ అవదు.

గ్లాండ్‌ప్యాకింగ్:
ఆ బాధ నాకూ ఉంది తమ్ముడూ. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద గస్తీ తిరిగే బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాలకు 50 గంటలు ఎగిరినప్పుడల్లా తనిఖీ ఉండేది. శాస్త్రవేత్త వాడింగ్‌టన్ బృందం లెక్క తీస్తే, తనిఖీ అయిన వెంటనే రిపేర్లు పెరిగి, ఆ తర్వాత తగ్గుతున్నాయని తేలింది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్లు నౌలన్, హీప్ ఇచ్చిన నివేదికలోనూ, వయసు మీద పడి పాడయ్యే విమాన భాగాలు సుమారు 11 శాతమే. విప్పినచోటల్లా మనమే కొత్త జబ్బు అంటిస్తున్నాం.

రిటైర్డ్ మెకానికల్:
బాబూ, ఆ లెక్క విమానాలది. మన స్లర్రీ పంపు (బురదలాంటి ద్రవాన్ని తోడేది) లోపల తిరిగే ఇంపెల్లర్ రోజూ అరుగుతుంది, బెల్టు సాగుతుంది. అవి నీ 11 శాతంలోకే వస్తాయి. బేరింగ్ అంటావా, విప్పొద్దు. స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విను. గరగర మొదలైతే తెలిసిపోతుంది, మీటర్ లేకపోయినా. గ్రీజు కూడా పీఎం రోజని కుక్కేయకండి, ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుంది.

సేఫ్టీ వాల్వ్ సంగతి వేరు. అది పట్టేసినా చప్పుడుండదు, వేడుండదు. ప్రెషర్ పెరిగి అది తెరుచుకోని రోజునే బయటపడుతుంది. ట్రిప్పులు (ప్రమాదమైతే మెషీన్‌ను తనంతట ఆపేసేవి), అలారాలు, ఫైర్ పంపూ అంతే. వీటికి తేదీ ఉండి తీరాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా లిఫ్టులకు 6 నెలలకోసారి, క్రేన్లకు ఏడాదికోసారి పూర్తి తనిఖీ అని ఊరికే పెట్టలేదు.

గాజువాక కుర్రాడు:
తేదీ గొడవ సరే, చెక్‌లిస్టులో ఏముందో ఎవరైనా చదివారా? 2020 మే 7న మా విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. టెంపరేచర్ కొలిచేది ట్యాంకు అడుగున మాత్రమే ఉందని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. పైన ఎంత వేడెక్కిందో ఆ అంకె చూసి ఎలా తెలుస్తుంది? మా కంపెనీ లిస్టులో అయితే, ఎప్పుడో పీకేసిన కంప్రెసర్‌కు ఇప్పటికీ నెలనెలా "ఓకే" టిక్ పడుతోంది.

నైట్‌షిఫ్ట్ ఫిట్టర్:
ఆ టిక్కులు పెట్టేది మేమే బ్రదర్. షిఫ్ట్‌కు ఇద్దరం, చూడాల్సినవి నాలుగు పేజీలు. సగం కొట్టేసి ఇస్తే మిగతా సగం నిజంగా చూస్తాం.

గ్లాండ్‌ప్యాకింగ్:
గురువు గారూ, సేఫ్టీ వాల్వులు, ట్రిప్పులు తేదీ ప్రకారమే, ఒప్పుకున్నా. స్లర్రీ పంపు కూడా. కూలింగ్ వాటర్ పంపు బేరింగ్ మాత్రం ఊరికే విప్పను, మేనేజర్ ఏమన్నా సరే.