మాటల్లేని బొమ్మల కథ పిల్లలకు సులువా?

వంశధార ఒడ్డు: గుణుపురం, పర్లాకిమిడి వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాళ్ల కోసం కామిక్ వేస్తున్నాం. ఏ3 కాగితం రెండు మడతలు, ఎనిమిది పేజీలు. మాటలు వద్దంటాను. బొమ్మ ఎవరికైనా అర్థమవుతుంది.

గళ్లూ గీతలూ: అవదండీ. పరుగు గీతలు, ఆలోచన మబ్బు నేర్చుకుంటేనే తెలుస్తాయి. గడికీ గడికీ మధ్య జరిగింది చదివేవాడే ఊహించుకోవాలి. ఆ దూకుళ్లను కామిక్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఆరు రకాలు చేశాడు. మీరు పనినుంచి పనికి వెళ్లేవే వాడండి: చెయ్యెత్తాడు, రాయి విసిరాడు, కుండ పగిలింది. మాటలేకుండా చోటు మార్చారా, కథ తెగుతుంది. ఎడమ రెండు గళ్లు ఒకదానికింద ఒకటి, కుడిపక్క ఒక పొడుగు గడి పెడితే కొందరు కిందికి దిగకుండా పక్కకు పోతారు. కింది గడికి 2 మిల్లీమీటర్లు, పక్క గడికి 6 వదలండి.

మహేంద్రతనయ: సవరల ఇడితల్‌లో గళ్లే లేవుగా?

గళ్లూ గీతలూ: అది పూజకు వేసే గోడబొమ్మ. వరసకథ కావాలంటే బట్టమీద కథ గీసే చేర్యాల పటం చూడండి. అక్కడా పక్కన కథ చెప్పేవాడుంటాడు.

అక్షరాల పని: మాటల బెలూన్ ముందు గీయకండి. వత్తు వెళ్లి కింది వరస గుడికి తగులుతుంది. అక్షరాలు రాశాక చుట్టూ గీయాలి. ముందు మాట్లాడేవాణ్ని ఎడమవైపు పెట్టండి.

వంశధార ఒడ్డు: తెలుగు అక్షరమే రాని పిల్లలని మొత్తుకుంటుంటే వత్తుల గొడవేంటి?

మహేంద్రతనయ: తెలుగు మాటలే ఒడియా లిపిలో రాయండి. పర్లాకిమిడిలో గిడుగువారు సవరను తెలుగు లిపిలో రాయలేదా?

అక్షరాల పని: అప్పటికి సవరకు సొంత లిపి లేదు, సొరంగ్ సొంపెంగ్ వచ్చింది 1936లో. తెలుగుకుంది. బడిలో ఎలాగూ లేదు, కథలోంచి కూడా తీసేస్తే పిల్లలు మన అక్షరం ఇంకెక్కడ చూస్తారు?

వంశధార ఒడ్డు: అదీ మీ బాధ! ముందే చెప్పొచ్చుగా. మీకు వాచకం కావాలి. నాకు పిల్లవాడు చివరి పేజీదాకా తిప్పడం కావాలి.

గళ్లూ గీతలూ: నాలుగు పేజీలు మాటల్లేకుండా నడిపి, ఐదోదాన్నుంచి గడికో మాట పెట్టండి: రా, పద, ఆగు. వత్తుల్లేవు. విసిరే చేతి పక్కనే ‘ఆగు’ ఉంటే బొమ్మే అర్థం చెబుతుంది.

మహేంద్రతనయ: ఏ లిపిలో?

అక్షరాల పని: తెలుగులోనే. ఒడియా కూడా కావాలంటే ఒకే బెలూన్లో రెండూ కుక్కకండి, ఇరుకవుతుంది. రంగుల ప్లేట్లు అవే ఉంచి, అక్షరాలున్న నలుపు ప్లేటు ఒక్కటే మార్చి రెండో అచ్చు వేయించండి. తెలుగు అచ్చు మాత్రం ఆపడానికి నేనొప్పుకోను.