నాయనమ్మ బాప్తిస్మం తీసుకోకుండానే పోయింది. నరకానికేనా?

రేపల్లె అమ్మాయి:
అందరికీ వందనాలు. కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మా నాయనమ్మ పోయి పన్నెండు రోజులైంది. నాన్న పెళ్ళయ్యాక రక్షణ పొందారు, నాయనమ్మ మాత్రం రాలేదు. అలాగని విరోధం లేదు. ఆదివారం నాకు జడ వేసి, మందిరం గేటు దాకా వచ్చి, చేతిలో పది రూపాయలు పెట్టి "కానుక సంచిలో వెయ్యి, మీ దేవుడికి నా లెక్క" అనేది. క్రిస్మస్‌కి అరిసెల పిండి దగ్గరుండి కొట్టించేది.

చివర్లో ఇంటికే తెచ్చేశాం. అమ్మ చెవి దగ్గరికి వంగి "అత్తయ్యా, ఒక్కసారి యేసయ్యా అనండి" అని బతిమాలింది. నాయనమ్మ "నీళ్ళు" అంది. మింగలేదని డాక్టర్ ముందే చెప్పారు. దూది తడిపి నాలుక మీద అద్దాను. పెదాలతో పట్టుకుని వదల్లేదు.

దహనం పెదనాన్న వాళ్ళ పద్ధతిలోనే చేయించాడు. తర్వాత మా ఇంట్లో ఆదరణ కూడిక. మా పాస్టర్ అయ్యగారు బైబిల్లో లూకా 16 తీశారు. ధనవంతుడు, లాజరు. చనిపోయాక మంటలో ఉండి, వేలికొన నీళ్ళలో ముంచి నా నాలుక చల్లార్చమని ఆ ధనవంతుడు అడుగుతాడు కదా, అది చదివి, ఫోటో వైపు చెయ్యి చూపించి "ఈ పెద్దావిడ ఇప్పుడు అదే అడుగుతోంది" అన్నారు.

అమ్మ ఆ రోజు నుంచి సరిగ్గా తినట్లేదు. ఇంకాస్త గట్టిగా అడగాల్సింది అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. వాక్యం నిజంగా అలాగే చెప్తోందా? ఓదార్పు మాటలు వద్దు, తెలిసినవాళ్ళు చెప్పండి.

బెరయ తమ్ముడు:
సిస్టర్, యోహాను 14:6 ఉంది, అపొస్తలుల కార్యములు 4:12 ఉంది. యేసు తప్ప వేరే దారి ఉందని నేను చెప్పలేను. కానీ ఫోటో వైపు చెయ్యి చూపించే అధికారం అయ్యగారికి ఎవరిచ్చారు? తీర్పంతా కుమారునికి అప్పగించాడని యోహాను 5:22. యేసు పక్కన సిలువ మీద ఉండి పరదైసు మాట పొందిన దొంగకి బాప్తిస్మం ఎవరిచ్చారు? నోరు పలకని మనిషి లోపల ఏమనుకుందో మనకెవరికీ తెలీదు.

గుంటూరు మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, ఆ వచనం మళ్ళీ చూడు. అక్కడ నరకం అనే మాట లేదు, పాతాళం అని ఉంది. గ్రీకులో హేడిస్, చనిపోయినవాళ్ళ లోకం. మత్తయి 5:22లో నరకాగ్ని అన్నచోట ఉన్నది గెహెన్నా. అది యెరూషలేముకి దక్షిణాన ఉన్న హిన్నోము లోయ పేరు. పిల్లల్ని అగ్నిలో దహించిన చోటని యిర్మీయా 7:31 అంటుంది. అక్కడ ఎప్పుడూ చెత్త తగలబడుతుండేదని ప్రసంగాల్లో వింటాం కానీ, అది క్రీ.శ. 1200 ప్రాంతపు యూదు వ్యాఖ్యానం నుంచి వచ్చిన మాట. సరే, అది పక్క విషయం.

పాతాళమన్నా ఆ కథలో మంట ఉంది, బాధ ఉంది. లేవనను. కానీ ఆ ధనవంతుడు అక్కడికెందుకు పోయాడు? బాప్తిస్మం ఊసే లేదు. కురుపులతో వాకిట్లో పడున్న లాజరుని పట్టించుకోకుండా రోజూ విందులు చేసుకున్నాడు. పైగా యూదుల మూలపురుషుడైన అబ్రాహామును "తండ్రీ" అని పిలుస్తాడు, అంటే బయటివాడు కాదు, లోపలివాడే! ఆ కథ వణికించాల్సింది ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చునే నాలాంటివాళ్ళని. మీ నాయనమ్మ మీదికి తిప్పారంటే సరిగా చదవలేదనే.

ఫిరంగిపురం కోడలు:
మేం కతోలికులం. మా అత్తగారూ జ్ఞానస్నానం, అంటే మీ బాప్తిస్మం, లేకుండానే పోయారు. ఫాదర్‌ని అడిగితే 1964 నాటి రెండో వాటికన్ మహాసభ పత్రం చదివి వినిపించారు. తమ తప్పు లేకుండా సువార్త ఎరుగనివాళ్ళు దేవుణ్ణి నిజాయితీగా వెదికి మనస్సాక్షి ప్రకారం బతికితే వాళ్ళకీ రక్షణ సాధ్యమే అని ఉంది. ఏటా నవంబరు 2న, చనిపోయినవాళ్ళని తలచుకునే రోజున, ఆవిడ పేరున పూజ పెట్టిస్తాం.

బెరయ తమ్ముడు:
చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన వాక్యంలో ఎక్కడుంది సిస్టర్?

ఫిరంగిపురం కోడలు:
రెండో మక్కబీయులు 12. మీ ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఆ పుస్తకమే ఉండదు తమ్ముడూ. ఆ గొడవ ఈ అమ్మాయి పోస్ట్ కింద వద్దు.

రేపల్లె అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. మాస్టారు గారి జవాబు అమ్మకి చదివి వినిపించాను. నమ్మలేదు. లూకా 16 తనే తీసి, వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంది. రెండుసార్లు. చాలాసేపయ్యాక "ఆ రోజు దూది ఎన్నిసార్లు తడిపావే?" అంది. నాలుగుసార్లు అన్నాను. తర్వాత లేచి కొంచెం పెరుగన్నం తింది. ఆదివారం మందిరానికి వెళ్దామా అంటే మాత్రం ఇంకా ఏమీ అనట్లేదు.