పాత ఇంగ్లిష్ భవంతిలో హత్య: రహస్య ద్వారం పెడితే నమ్ముతారా?

సగంలో_ఆగిన_కథ:
ఓ మిస్టరీ నవల మొదలుపెట్టి ఆరో అధ్యాయంలో ఇరుక్కుపోయాను. కథ 1860ల ఇంగ్లండ్‌లో, ఊరికి దూరంగా ఉన్న పెద్ద భవంతిలో. పెద్దాయన లైబ్రరీలో చచ్చిపడి ఉంటాడు, తలుపుకి లోపల్నించి గడియ. హంతకుణ్ణి బయటికి పంపడానికి వేరే దారి తోచక పుస్తకాల బీరువా వెనక రహస్య ద్వారం పెట్టేశాను. మా ఆవిడ చదివి "లోపల మాంత్రికుడు కూడా ఉన్నాడా" అంది, అంతే, ఆ తర్వాత ఒక్క లైను రాస్తే ఒట్టు. ఆ ఇళ్ళలో ఇలాంటివి నిజంగా ఉండేవా? నిజమైన ఇంటిని పెట్టుకుని రాసినవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు?

బర్మింగ్‌హామ్_బావ:
ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. వూస్టర్‌షైర్‌లో హార్వింగ్టన్ హాల్ అని ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళాను. ఒక్క ఇంట్లోనే ఏడు రహస్యపు అరలు! ఓ గదిలో గోడకి నిలువు దూలాలు ఉంటాయి, అన్నీ ఒకేలా. వాటిలో ఒకదాన్ని నెడితే ఇరుసు మీద తిరిగి సందు తెరుచుకుంటుంది. సందంటే సందే, నా పొట్టకి పట్టదు.

వీటిని ప్రీస్ట్ హోల్స్ అంటారు. 1585 చట్టంతో కాథలిక్ ప్రీస్టు ఇంగ్లండ్‌లో ఉండటమే రాజద్రోహం, ఆశ్రయమిచ్చినవాళ్ళకీ మరణశిక్ష పడొచ్చు. అందుకని నికొలస్ ఓవెన్ అనే వడ్రంగి ఇంటింటికీ తిరిగి ఇలాంటి అరలు కట్టాడు. 1606లో లండన్ టవర్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు, ఒక్క అర గుట్టు కూడా చెప్పలేదు.

మీ కథకి రెండు మాటలు. ఇల్లు 1500ల నాటిదై ఉండాలి, నిన్నగాక మొన్న కట్టిన భవంతిలో ఇది అతకదు. రెండోది, ఇవి ఎక్కువగా దాక్కోడానికి కట్టినవి, పారిపోడానికి కాదు. 1591లో బాడెస్లీ క్లింటన్ అనే ఇంట్లో సోదాలు జరుగుతుంటే ప్రీస్టులు కింద పాత మురుగుకాలవలో గంటల తరబడి నీళ్ళలోనే నిలబడ్డారు. కాబట్టి మీ హంతకుడు బయటికి వెళ్ళనే లేదేమో! తలుపు బద్దలు కొట్టినప్పుడు లోపలే ఉన్నాడేమో.

గడీల_గంగాధర్:
మన గడీలు, కోటలు పాడుబడుతుంటే ఇంగ్లండ్ దాకా ఎందుకండీ?

సగంలో_ఆగిన_కథ:
గంగాధర్ గారూ, అదీ రాస్తాను, ముందు ఈ శవాన్ని దాటనివ్వండి. బావగారూ, లోపలే ఉండటం అదిరింది.

పాతకేసులు:
తలుపుల సంగతి వదిలేసి రోడ్ హిల్ హౌస్ కేసు చూడండి, సరిగ్గా మీ కాలమే. విల్ట్‌షైర్, 1860 జూన్ 29 రాత్రి. మూడేళ్ళు దాటిన పిల్లవాణ్ణి మంచం మీంచి ఎత్తుకెళ్ళి గొంతు కోసి, పెరట్లో మరుగుదొడ్డి గుంతలో పడేశారు. చేసింది ఇంట్లోవాళ్ళే అని అందరికీ అనుమానం. స్కాట్లాండ్ యార్డ్ నుంచి వచ్చిన డిటెక్టివ్ విచర్ పట్టుకున్న ఆధారం ఏంటో తెలుసా? చాకలి పద్దు.

పదహారేళ్ళ సవతి అక్క కాన్‌స్టన్స్‌కి మూడు నైట్‌గౌన్లు, అందులో ఒకటి లేదు. సోమవారం పనిమనిషి బట్టలన్నీ పద్దులో రాసి బుట్టలో సర్దుతుంటే ఈ అమ్మాయి వచ్చి, నా పర్సు బుట్టలోని బట్టల్లో ఉండిపోయిందేమో చూడమంది, తర్వాత మంచినీళ్ళు తెమ్మంది. పద్దులోకి ఎక్కిన గౌను ఆ కాసేపట్లో వెనక్కి తీసేసుకుందని విచర్ లెక్క. అలా చేస్తే రక్తం అంటింది నాశనం చేసినా, తక్కువైన గౌను చాకలామే పోగొట్టిందనుకుంటారు. ఎవరూ నమ్మలేదు, పెద్దింటి పిల్లని అంటావా అని ఆయన్నే తిట్టిపోశారు. 1865లో ఆ అమ్మాయే ఒప్పుకుంది.

1868లో విల్కీ కాలిన్స్ 'ద మూన్‌స్టోన్' నవల రాసినప్పుడు ఆ రక్తపు గౌను రంగు అంటిన గౌనైంది. కథలో పోయేది మన శ్రీరంగపట్నం నుంచి ఎత్తుకెళ్ళిన వజ్రం. ముందుమాటలో ఆయన కోహినూర్‌ని కూడా తలుచుకున్నాడు, అది మన కొల్లూరు గనుల్లో దొరికిందంటారు. గంగాధర్ గారూ, శాంతించండి.

డెవన్_దారిలో:
మీ కథలో ఇల్లు మీకు కాళ్ళతో తెలిసుండాలి. అగాథా క్రిస్టీ 1938లో డెవన్‌లో గ్రీన్‌వే అనే ఇల్లు కొంది, 1956 నవలలో నది ఒడ్డున ఉన్న తన బోట్‌హౌస్‌లోనే (పడవలుంచే గది) శవాన్ని పెట్టింది. అక్కడికి వెళ్ళాను. ఇంటి దగ్గర్నించి నది దాకా చెట్లలోంచి దిగుడు దారి, తిరిగి ఎక్కేసరికి నాకు ఆయాసం. ఎవరు ఎంతసేపట్లో వెళ్ళిరాగలరో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మీరూ ఓ నిజమైన ఇంటి ప్లాన్ ముందు పెట్టుకుని, మెట్లు లెక్కపెట్టుకుని రాయండి.

సగంలో_ఆగిన_కథ:
హత్యని శనివారం రాత్రికి జరిపేశాను, సోమవారం బట్టలు వేస్తారు కాబట్టి. పద్దు రాసే పనమ్మాయికి ఇప్పటిదాకా పేరు కూడా లేదు, ఇప్పుడు ఆవిడే ముఖ్యం అయ్యేట్టుంది. బీరువా వెనక దారి గురించి రాసుకున్న పన్నెండు పేజీలు ఏం చెయ్యాలో మాత్రం అర్థం కావట్లేదు.