‘హిమ్’ ఒక్కటే, మనకు మాత్రం మూడు

నిన్న ఒక అక్క ఇక్కడ అడిగారు: ‘‘మా వాడు ఏడో తరగతి. ‘ఐ మేడ్ హిమ్ టు రైట్’ అని రాస్తే టీచరు ‘టు’ కొట్టేశారు. సరేనని ‘ఐ గాట్ హిమ్ రైట్’ అని రాస్తే ఈసారి ‘టు’ చేర్చారు. తెలుగులో ‘రాయించాను’ అంటే అయిపోయేదానికి ఇంత గొడవేంటి?’’ కామెంట్లో జవాబు రాయబోతే చాంతాడంత అయింది. అందుకే విడిగా పెడుతున్నాను.

‘టు’ సంగతిలో పెద్ద లోతు లేదు. మేక్, హ్యావ్, లెట్ తర్వాత రాదు, గెట్ తర్వాత వస్తుంది. ఒక్కటే మెలిక: అదే మేక్‌ను కర్మణిలోకి తిప్పితే పోయిన ‘టు’ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, ‘హి వజ్ మేడ్ టు రైట్’ అని. ఎక్కాల్లాగా బట్టీ పట్టించేయండి అక్కా.

నన్ను పట్టుకున్నది ‘హిమ్’. ఈ మూడు వాక్యాలు చూడండి. ఐ మేడ్ హిమ్ లాఫ్. ఐ మేడ్ హిమ్ ఈట్. ఐ మేడ్ హిమ్ రైట్. మూడింట్లోనూ అదే హిమ్. ఇప్పుడు తెలుగులో అనండి: వాణ్ణి నవ్వించాను. వాడికి తినిపించాను. వాడి చేత రాయించాను. ద్వితీయ, షష్ఠి, తృతీయ! చిన్నప్పుడు ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి’ అని ఊగుతూ వల్లించిన విభక్తులు ఇదుగో ఇక్కడ పనిచేస్తున్నాయి. నవ్వడం, ఏడవడం, పరిగెత్తడం లాంటివైతే ‘ను’. తిండి, నీళ్ళు, చదువు లాంటివి లోపలికి పుచ్చుకునే పనులైతే ‘కు’. అవతలివాడు ఇంకోదాని మీద పనిచేస్తే, అంటే వండితే, రాస్తే, కడితే, ‘చేత’ లేదా ‘తో’. తెలంగాణలో ‘వానితోని రాయించిన’. ఎవరూ నేర్పకుండానే నాలుగేళ్ళ పిల్ల కూడా ఇందులో తప్పు చేయదు.

విభక్తి మారిస్తే అర్థం కూడా కదులుతుంది. ‘వాడికి మందు తాగించాను’ అంటే గ్లాసు నా చేతిలో ఉంది. ‘వాడి చేత మందు తాగించాను’ అంటే గ్లాసు వాడి చేతిలోనే ఉంది, నేను పక్కన నిలబడి ఊరుకోలేదు. నా చెవికైతే అలాగే వినిపిస్తుంది.

మరి ఇంగ్లీషు ఈ తేడాలన్నీ వదిలేసిందా? హిమ్‌లో వదిలేసి క్రియలో పెట్టుకుంది. మేడ్ అంటే వాడికి ఇష్టం లేకపోయినా. హ్యాడ్ అంటే చెప్పే హక్కు నాకుంది, చెప్పాను, చేశాడు. గాట్ అంటే బతిమాలో, మభ్యపెట్టో, ఎలాగో ఒప్పించాను. లెట్ అంటే వాడికే చేయాలనుంది, నేను అడ్డు చెప్పలేదు. మన ‘రాయించాను’లో మొదటి మూడూ కలిసిపోయాయి, బెత్తం పట్టుకున్నానో చాక్లెట్ ఇచ్చానో చెప్పదు. లెట్‌కి మాత్రం మనకు వేరే అచ్చు ఉంది: వెళ్ళనిచ్చాను, ఆడుకోనిచ్చాను. గెట్‌లోని ఆ బతిమాలే గుణం యంత్రాలకు కూడా వర్తించడం నాకు భలే ఇష్టం. ఎంత తన్నినా స్టార్ట్ కాని బండి గురించి ‘ఐ కుడ్ నాట్ గెట్ ఇట్ టు స్టార్ట్’ అంటారు, అదేదో అలిగి కూర్చున్నట్టు.

ఇక మనవాళ్ళు నిజంగా బోర్లా పడే చోటు ‘టు’ కాదు, ‘ఇట్’ ఎక్కడ ఉండాలన్నది. ‘ఐ హ్యాడ్ డన్ ఇట్’ అంటే అప్పటికే నేనే చేసేశాను. ‘ఐ హ్యాడ్ ఇట్ డన్’ అంటే ఎవరి చేతో చేయించాను. అవే నాలుగు మాటలు, ‘ఇట్’ ఒక్క అడుగు ముందుకు జరిగింది, అంతే! పని చేసినవాడే మారిపోయాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జ్ఞానదంతం పీకించుకుని మర్నాడు ఆఫీసుకెళ్ళి ‘ఐ రిమూవ్డ్ మై టూత్ ఎస్టర్‌డే’ అన్నాను. ఫోన్‌లో అవతల ఉన్న విదేశీ సహోద్యోగి కాసేపు మాట్లాడలేదు. పట్టకారు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డ నన్ను ఊహించుకుని ఉంటాడు పాపం. ‘ఐ హ్యాడ్ ఇట్ రిమూవ్డ్’ అనాలని చాలా రోజుల తర్వాత తెలిసింది.

పీకించుకున్నాను అనే ఒక్క మాట విప్పి చూడండి. పీకు, ఇంచు, కొను, నేను. చేసింది డాక్టరు, చేయించింది నేను, పన్ను నాది, నొప్పీ నాదే. అన్నీ ఒకే మూటలో ఉన్నాయి. ఆ ‘కొను’కి ఇంగ్లీషులో కొన్నిసార్లు ‘మై’ సరిపోతుంది, కొన్నిసార్లు ‘మైసెల్ఫ్’ కావాలి. ‘అమ్మ చేత తిట్టించుకున్నాను’ అన్నప్పుడు తప్పు కాస్త నాది కూడా అని ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది కదా? ‘హి గాట్ హిమ్‌సెల్ఫ్ ఫైర్డ్’లోనూ అదే వాసన. ఉద్యోగం ఊడగొట్టుకున్నాడు, చేజేతులా. హిమ్‌సెల్ఫ్ తీసేసి ‘హి గాట్ ఫైర్డ్’ అంటే ఆ నింద చాలావరకు పలచబడుతుంది. అలాగని హ్యావ్ వచ్చిన ప్రతిచోటా చేయించడమే అనుకోకండి. ‘ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్’ అంటే ఫోన్ దొంగతనం చేయించానని కాదు, నా ఫోన్ పోయిందని ఏడుపు.

*చేర్పు 1:* కింద ఒకాయన ‘‘ఇంగ్లీషువాళ్ళు చార్మినార్‌ను కులీ కుతుబ్‌షా ‘బిల్ట్’ అంటారు, మరి అది తప్పా?’’ అని అడిగారు. తప్పు కాదండీ. ఇంగ్లీషులో కట్టించినవాడికీ బిల్ట్ చెల్లుతుంది. మనం 1591లో ఆయన ‘కట్టించాడు’ అంటాం, ‘కట్టాడు’ అంటే తాపీ పట్టుకున్నాడేమో అనిపిస్తుంది. కానీ సొంతింటి దగ్గరికి వచ్చేసరికి మనమూ మేస్త్రీని మరిచిపోతాం. ‘ఇల్లు కట్టుకుంటున్నాం’ అనే అంటాం. సామెత కూడా ‘ఇల్లు కట్టి చూడు’ అనే గానీ ‘కట్టించి చూడు’ అనదు. అప్పులు చేసినవాడికి ఆ మాత్రం గౌరవం ఇవ్వొచ్చు లెండి.

*చేర్పు 2:* ‘హిజ్’ గురించి అడిగినవారికి. ‘హి హ్యాడ్ హిజ్ బ్రదర్ వాష్ హిజ్ కార్’లో కారు ఎవరిదో ఇంగ్లీషు తేల్చదు. అన్నదా, తమ్ముడిదా, పక్కింటివాడిదా? ‘తమ్ముడి చేత తన కారు కడిగించాడు’ అంటే మామూలుగా కారు కడిగించినవాడిదే. ‘తన’ ఉండటం మన అదృష్టం.

*చేర్పు 3:* ‘‘ఇంగ్లీషులో మన ‘ఇంచు’ లాంటిది లేదా?’’ అని ఇంకొకరు. దిగు–దించు, మునుగు–ముంచు లాంటి జంటలు వాళ్ళకూ కొన్ని మిగిలాయి. సిట్–సెట్, రైజ్–రెయిజ్, ఫాల్–ఫెల్. చెట్టును ఫెల్ చేయడమంటే పడేట్టు చేయడమే. లై–లే జంట దగ్గరైతే పుట్టు ఇంగ్లీషువాళ్ళే తడబడతారు. వీటిలో నాకు బాగా నచ్చింది డ్రింక్–డ్రెంచ్. డ్రెంచ్ అంటే తడిసి ముద్దవడం అనే మనకు తెలుసు. దాని పాత అర్థం తాగించడం. పశువుల డాక్టర్లు ఇప్పటికీ గేదె నోట్లో మందు పోయడాన్ని డ్రెంచింగ్ అనే అంటారు. అక్కా, మీ వాడి హోంవర్క్‌కి ఇది అక్కర్లేదు, టీచరు దీన్ని కూడా కొట్టేస్తారు.