సమస్య: ‘పిల్లులును కుక్కలును నేలఁ బెల్లు గురిసె’

నిర్వాహకులు: ఇంగ్లీషువాళ్లు ‘పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి’ అంటే మనం కుండపోత అంటాం. తుంపరకూ ముసురుకూ ఆ మాట చెల్లదు. సమస్య తేటగీతి పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ అసంగతమైన మాటకు అర్థం కుదిరేలా పూరించాలి. ప్రతి పాదంలో ఒక సూర్యగణం (రెండు మూడు అక్షరాలది), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాలవి), రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. బదులుగా ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. గడ్డికప్పు మీద పడుకున్న జంతువులు వానకు జారిపడేవన్న కథను మాత్రం వాడకండి. అది ఈమెయిళ్లలో తిరిగిన కల్పన. వానలో ఏ పిల్లీ కప్పు మీద కూర్చోదు.

పద్యప్రియ:

ఆంగ్ల జాతీయ మరయక యనువదించి
యున్న దున్నట్లు మాటల నుంచి తుదకు
వాన వర్ణించి యొక్కండు వ్రాసె నిట్లు
పిల్లులును కుక్కలును నేలఁ బెల్లు గురిసె

నిర్వాహకులు: గణాలూ యతులూ సరిపోయాయి. తప్పును మరొకరి రాతగా చూపి అసంగతాన్ని తీర్చడం పాత దారే, నమ్మదగిన దారి. లోపం రెండో పాదంలో ఉంది. ‘అనువదించి’ అన్నాక ‘ఉన్నదున్నట్లు’ కొంత పునరుక్తి, ‘తుదకు’ వట్టి పాదపూరణం. వాడు ఏ నుడి వదిలేశాడో అక్కడ చెబితే జాతీయం అర్థం కూడా పద్యంలోకి వస్తుంది:

కుండపోత యన్న నుడినిఁ గూర్చకుండ

ఇక్కడ కు–గూ యతి.

థేమ్సుతీరం:

లండనందున మురుగెల్ల నిండి పొంగ
వాన యాగక వీధులు వాగు లయ్యె
నీటఁ గొట్టుకపోయెను నిన్న రేయి
పిల్లులును కుక్కలును, నేలఁ బెల్లు గురిసె

మొదటి పాదంలో ప్రాసయతి (లండ–నిండి).

పద్యప్రియ: ‘కుక్కలును’ తర్వాత విరిచిన ఈ విరుపుతో జాతీయమే మాయమైంది కదండీ?

నిర్వాహకులు: మాయమైనా దోషం కాదు. పూరణ తీర్చవలసింది సమస్యలోని అసంగతాన్నే. ఇక్కడ పిల్లులూ కుక్కలూ ‘పోయెను’కు కర్తలయ్యాయి, ‘కురిసె’కు రెండో పాదంలోని వాన కర్తగా అందింది. ఆ వాన లేకపోతే విరుపు కుంటుపడేది. పైగా ఈ ఊహకు ఆధారముంది: జోనథన్ స్విఫ్ట్ 1710లో లండన్ జడివానపై రాసిన పద్యం చివర మురుగులో కొట్టుకొచ్చే కుక్కపిల్లలూ చచ్చిన పిల్లులూ ఉన్నాయి. అయితే జాతీయం అక్కడే పుట్టిందనకూడదు. 1653లో అచ్చయిన ఒక నాటకంలోనే కుక్కలూ, పేరులో ‘క్యాట్’ ఉన్న పోల్‌క్యాట్ అనే మరో జంతువూ కురిశాయి. ఇప్పటి వరసలో పిల్లులు ముందు, కుక్కలు తర్వాత స్విఫ్ట్ 1738 రచనలో కనిపిస్తాయి.

మార్చవలసింది ‘కొట్టుక’. పద్యభాషలో ‘కొట్టుకొని’ కావాలి, అది పెడితే గణం చెడుతుంది. ‘నీటఁ దేలుచుఁ బోయెను’ అంటే భగణాలు (ఒక గురువు, రెండు లఘువుల ఇంద్రగణాలు) రెండూ నిలుస్తాయి.

చిరుమువ్వ:

బాలుఁ డొక్కండు వానకై బొమ్మ గీసె
మాట కర్థము తెలియక మాట నమ్మి
కాగితంబున మబ్బులు కమ్ముకొనఁగఁ
బిల్లులును కుక్కలును నేలఁ బెల్లు గురిసె

థేమ్సుతీరం: ఊహ నాకెంతో నచ్చింది. జాతీయాన్ని అక్షరాలా నమ్మే వయసు పిల్లలదే. కానీ మొదటి పాదంలో యతి తప్పింది. బా, బొ – హల్లు ఒకటే అయినా అచ్చులు కలవవు. ఆకారానికి అ, ఐ, ఔలతో మైత్రి. ఒకారానికి ఉ, ఊ, ఓలతో.

చిరుమువ్వ: అయితే ‘బొమ్మ గీసెను బాలుండు పొంకముగను’ అనవచ్చా? నాలుగో పాదంలో ‘పి’ని ‘బి’ చేశాను, సమస్యను మార్చినట్టవుతుందా?

నిర్వాహకులు: అనవచ్చు. బొ–పొ యతి కుదిరింది, ‘పొంకముగను’ బొమ్మకు అతికింది. ‘కమ్ముకొనఁగన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) గనుక సరళాదేశం, అంటే ‘ప’కు ‘బ’ వచ్చింది. సమస్య మారినట్టు కాదు, బి–బె యతి కూడా సరిపోతుంది.