సెకండ్ హోమ్ పన్ను రెట్టింపు చేస్తే స్కాట్లాండ్ తీరంలో ఊళ్లు నిలబడతాయా?

గ్లాస్గో_గోదారి

అందరికీ నమస్తే. నేను గ్లాస్గోలో ఫార్మసిస్ట్‌ని. పోయిన ఏడాది పడమటి తీరంలో, ఫెర్రీ రేవున్న ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది. జీతం ఇక్కడికంటే ఎక్కువే. ఇల్లు దొరక్క వదిలేశాను. దొరికిన ఒక్క ఇంటి ఓనరు ఏమన్నాడంటే, "అక్టోబరు నుంచి మార్చి దాకా ఉండు, ఈస్టర్‌కి ముందే ఖాళీ చెయ్యి, వేసవంతా టూరిస్టులకిస్తాను" అని.

నేను చూడ్డానికి వెళ్లింది ఫిబ్రవరిలో. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. రేవుకెదురుగా వరసలో పదకొండు ఇళ్లుంటే మూడింట్లోనే లైటు వెలుగుతోంది. మిగతా వాటి తలుపుల పక్కన, టూరిస్టులకి తాళంచెవి ఉంచే, నంబరు నొక్కి తెరిచే చిన్న తాళం పెట్టెలు. ఫార్మసీ అద్దానికి మాత్రం "స్టాఫ్ కావాలి" అని కాగితం, ఎండకి వెలిసిపోయి ఉంది.

పడమటి తీరంలోని స్థానిక ప్రభుత్వం, ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిల్, 2023 జూన్‌లో "మా దగ్గర ఇళ్ల ఎమర్జెన్సీ" అని ప్రకటించింది. స్కాట్లాండ్‌లో అలా ప్రకటించిన మొదటి కౌన్సిల్ అదే. టైరీ దీవిలోనైతే సగానికి దగ్గరగా ఇళ్లలో ఏడాది పొడవునా ఉండేవాళ్లే లేరు. 2024 ఏప్రిల్ నుంచి సెకండ్ హోమ్ (ఏడాదంతా ఉండని రెండో ఇల్లు) మీద కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటి పన్ను, రెట్టింపు వసూలు చేసుకోవచ్చని ప్రభుత్వం కౌన్సిళ్లకి వీలిచ్చింది. నన్నడిగితే రెట్టింపు కాదు, మూడింతలు చెయ్యాలి. మీరేమంటారు?

కాటేజీ_రాజు

బ్రదర్, ఆ తాళం పెట్టెల్లో ఒకటి నాది కూడా అయ్యుండచ్చు 🙂 తిట్టే ముందు నా వైపు కూడా వినండి.

నేను ఎడిన్‌బరాలో ఐటీలో పని చేస్తాను. పడమటి తీరంలో ఒక కాటేజీ కొన్నాను. అమ్మిన ముసలి దంపతుల పిల్లలు ఆస్ట్రేలియాలో సెటిలయ్యారు. ఎనిమిది నెలలు అమ్మకానికుంటే ఊళ్లోవాళ్లు ఒక్కరూ రాలేదు. పైకప్పు కారుతోంది, గోడలకి బూజు. బాగు చేయించింది ఆ ఊరి మేస్త్రీయే. ఇప్పుడు శుభ్రం చేసే ఆవిడ, దుప్పట్లు ఉతికే ఆవిడ, రేవు దగ్గర కేఫ్ వాళ్లు, అందరికీ నా గెస్టుల మీదే వేసవి గడుస్తుంది.

పన్ను నాకేం తక్కువ పడలేదు. 2024 డిసెంబరు నుంచి రెండో ఇల్లు కొంటే అదనంగా 8 శాతం. రెండు లక్షల పౌండ్ల ఇంటికి పదహారు వేలు, మామూలు పన్ను కాక. టూరిస్టులకి రోజుల లెక్కన అద్దెకివ్వడానికి కావాల్సిన షార్ట్ టర్మ్ లెట్ లైసెన్సుకి పాత ఓనర్లందరూ 2023 అక్టోబరు 1 లోపు అప్లై చెయ్యాల్సొచ్చింది. కరెంటు సర్టిఫికెట్, గ్యాస్ సర్టిఫికెట్, నీళ్లల్లో బ్యాక్టీరియా చెక్... ఒక గది అద్దెకిచ్చుకునే బామ్మలు ఈ కాగితాల గోలకి భయపడి మానేశారు. నాలాంటివాడు మానెయ్యలేదు. అంటే దెబ్బ ఎవరికి తగిలింది?

ఇంకొకటి. ఈ ఊళ్లు ఎయిర్‌బీఎన్‌బీ వచ్చాక ఖాళీ కాలేదు. సెయింట్ కిల్డా దీవి నుంచి ఆఖరి 36 మంది 1930లో పడవెక్కి వెళ్లిపోయారు. అప్పుడు సెకండ్ హోమ్ ఎవరికుంది?

లెక్కల_మాస్టారు

రాజు గారూ, ఒక్క చిన్న ప్రశ్న. ఆ కాటేజీకి మీరు అసలు కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నారా?

కాటేజీ_రాజు

బిజినెస్ రేట్స్ కింద, అంటే వ్యాపార పన్ను కింద ఉంది సార్. చట్టం ఇచ్చిందే.

లెక్కల_మాస్టారు

అనుకున్నాను. మిగతావాళ్ల కోసం చెప్తాను. ఏడాదిలో 140 రోజులు అద్దెకి సిద్ధంగా ఉంచి, అందులో 70 రోజులు నిజంగా అద్దెకిస్తే, ఆ ఇల్లు కౌన్సిల్ ట్యాక్స్ నుంచి బయటపడి వ్యాపారం కిందికి వస్తుంది. వ్యాపారంగా దాని రేటబుల్ వాల్యూ (ఏడాది అద్దె అంచనా) 12 వేల పౌండ్లు దాటకపోతే, చిన్న వ్యాపారాలకిచ్చే రాయితీ కింద సాధారణంగా కట్టాల్సింది సున్నా. గోదారి గారి రెట్టింపు పన్ను ఎవరికి పడుతుందంటే, ఇల్లు అద్దెకివ్వకుండా వేసవిలో రెండు వారాలొచ్చి పోయే కుటుంబానికి. తాళం పెట్టె ఉన్న ఇల్లు ఆ వల్లో పడదు. కాబట్టి మూడింతలు చేసినా, పదింతలు చేసినా మీరు లెక్కపెట్టిన వరసలో ఎక్కువ లైట్లు వెలగవు.

ఇది రాజు గారి తప్పు కాదు. కానీ "పన్నుతో చచ్చిపోతున్నాం" అని మాత్రం అనకండి సార్.

డాక్టర్_ఉత్తరం

ఇళ్ల చర్చ బాగుంది కానీ మీరు మొదలెట్టాల్సిన చోట మొదలెట్టలేదు. నేను హైలాండ్స్‌లో లోకమ్ జీపీగా, అంటే వేరే డాక్టర్ల బదులు పని చేస్తూ, తిరుగుతుంటాను. పాతికేళ్ల జంట ఒక ఊళ్లో ఉండాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు, బిడ్డ ఎక్కడ పుడుతుంది అని.

ఉత్తర కొసనున్న కేత్‌నెస్ సంగతి చూడండి. 2016లో అక్కడి విక్ ఊరి ఆస్పత్రి ప్రసూతి విభాగాన్ని మిడ్‌వైఫ్‌లు నడిపే యూనిట్‌గా మార్చారు. కాన్పుల్లో నిపుణులైన డాక్టర్లు అక్కడ లేనప్పుడు తల్లీబిడ్డలకి ప్రమాదమన్నది కారణం. వైద్యుడిగా ఆ కారణాన్ని నేను కొట్టిపారెయ్యలేను. కానీ ఫలితం? అక్కడి ఆడవాళ్లు ఎక్కువమంది కాన్పుకి ఇన్వర్నెస్‌లోని రేగ్‌మోర్ ఆస్పత్రికి వెళ్తున్నారు. నూరు మైళ్ల పైన, రెండు గంటలకి పైగా ప్రయాణం. ఏ9 రోడ్డు మీద మంచు పడితే గేట్లు వేసేస్తారు. నెలలు నిండిన మనిషిని జనవరిలో ఆ దారిన తీసుకెళ్లాలంటే భర్తకి ఎంత టెన్షనో ఊహించుకోండి. రెండో బిడ్డకి చాలామంది ఇన్వర్నెస్‌కే మారిపోతారు. ఇల్లు ఉన్నా సరే.

దీవులకైతే ఫెర్రీ. గ్లెన్ సానెక్స్, గ్లెన్ రోజా అని రెండు పడవలకి 2015లో ఆర్డరిచ్చారు, రెండూ కలిపి 97 మిలియన్ పౌండ్లని. 2018కి రావాలి. మొదటిది జనం ఎక్కింది 2025 జనవరిలో. ఖర్చు ఎన్ని రెట్లయిందో చెప్తే మన పోలవరం వాళ్లు కూడా నవ్వుతారు. పడవ క్యాన్సిలైతే స్కాన్ అపాయింట్‌మెంట్ పోతుంది. ముందు ఇవి సరిచెయ్యండి.

టెక్కలి_కుర్రోడు

డాక్టర్ గారూ, మీరంతా పడమటి తీరం, దీవులే చూస్తున్నారు. తూర్పుకి రండి. నేను అబర్డీన్‌లో చదివి, ఫ్రేజర్‌బరా వైపు చేపల ఫ్యాక్టరీలో రెండేళ్లు చేశాను. అక్కడ ఇళ్లు పడమటంత ఖరీదు కాదు, టూరిస్టుల పోటీ కూడా తక్కువే. పీటర్‌హెడ్‌లో తెల్ల చేపల మార్కెట్ అంటే బ్రిటన్‌లోనే పెద్దది. అయినా ఫ్యాక్టరీ లైను మీద మనుషుల్లేరు. బ్రెగ్జిట్‌కి ముందు నా పక్కన నిలబడి ఫిల్లెట్లు కోసేవాళ్లు లిథువేనియా, లాట్వియా, పోలండ్ నుంచి వచ్చినవాళ్లు. చాలామంది వెళ్లిపోయారు. ఊరి కుర్రాళ్లు ఉదయం ఐదింటికి ఆ చలిగదిలోకి రారు, ఆయిల్ కంపెనీలో పని చూసుకుంటారు. వాళ్లని తప్పుపట్టను. నాకు ఇప్పటికీ చేతివేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి.

పడవల మీద సంగతి ఇంకా విడ్డూరం. ఫిలిప్పీన్స్, ఘానా, మన దేశం నుంచి కూడా వచ్చిన డెక్ మనుషులు చాలామంది ట్రాన్సిట్ వీసా (దేశం గుండా దాటిపోవడానికిచ్చేది) మీద ఉంటారు. ఆ వీసాకి వాళ్లు 12 నాటికల్ మైళ్ల అవతలే వేట చెయ్యాలి, రేవుకొచ్చినా పడవలోనే పడుకోవాలి. ఊళ్లో గది తీసుకోవడానికి లేదు. నెలల తరబడి రేవుకి చేపలు దిగుతాయి, పట్టినవాడు మాత్రం దిగడు. జనాభా లెక్కలో వాడు లేడు, బడిలో వాడి పిల్లల్లేరు. ఊరి పక్కనే ఉండి ఊరివాడు కాని మనిషి.

మా శ్రీకాకుళం బెస్తలు వేరావల్ వెళ్లి గుజరాతీ పడవల మీద నెలల తరబడి ఉంటారు కాబట్టి ఆ బతుకు నాకు తెలుసు. కానీ మావాళ్లకి కనీసం ఒడ్డు మీద గుడిసె వేసుకోడానికి వీసా అక్కర్లేదు.

కాబట్టి నా మాట: ఇల్లు కాదు, వీసా. 2022లో స్కాట్లాండ్ ప్రభుత్వం పల్లెలకి వేరే వీసా పెడదామని ప్రపోజల్ పంపింది. లండన్ ఒప్పుకోలేదు.

కాటేజీ_రాజు

చూశారా, అందరూ నా వైపే వస్తున్నారు 😄

సుజాత_ఓబన్_దారి

రాజు గారూ, అంత తొందరపడకండి.

నేను ఆర్గైల్ తీరంలో హోమ్ కేర్ చేస్తాను, ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి. మా కౌన్సిల్లో నాలుగోవంతుకి పైగా జనం 65 దాటినవాళ్లే. స్కాట్లాండ్ మొత్తం మీద చూస్తే ఐదోవంతు. నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను, తర్వాత మీరే తేల్చండి ఇల్లా, ఆస్పత్రా, వీసానా అని.

ఉదయం ఏడింటికి మొదటి ఇల్లు. ఎనభై ఎనిమిదేళ్ల ఆవిడ. లేపి, మందులిచ్చి, గంజి కాస్తాను. వాళ్ల పారిడ్జ్‌లో ఉప్పు వేస్తారు, అచ్చం మనలాగే. వెళ్లేటప్పుడు "తాపా లీవ్" అంటుంది, గేలిక్‌లో థ్యాంక్స్. తర్వాత ఇల్లు పద్నాలుగు మైళ్లు, ఒక కారు పట్టే రోడ్డు మీద. రోజుకి ఎనిమిది ఇళ్లు చెయ్యాలంటే సగం టైం స్టీరింగ్ దగ్గరే. ఎందుకంటే నేనుండేది ఆ ఊళ్లో కాదు. ఊళ్లో అద్దె ఇల్లు లేదు. నేనూ ఇంకో అమ్మాయీ ఒక కేరవాన్‌లో, చక్రాల మీది బండి ఇంట్లో ఉంటాం. జనవరిలో గ్యాస్ సిలిండర్ గడ్డకట్టి మంట రాని రోజులున్నాయి. ఈ ఏర్పాటు చేసిన మా కంపెనీ పేరు చెప్పను, ఉద్యోగం కావాలి నాకు.

డిసెంబరులో ఒకావిడ తుంటి విరిగి ఆస్పత్రిలో చేరింది. ఆపరేషన్ అయిపోయింది, ఇంటికి పంపొచ్చన్నారు. కానీ పొద్దునా సాయంత్రం చూసే మనిషి లేదు. ఇంటర్వ్యూలో సెలెక్టయిన అబ్బాయి ఇల్లు దొరక్క రాలేదు, అచ్చం గోదారి తమ్ముడిలాగే. ఆవిడ ఐదు వారాలు వార్డులోనే ఉండిపోయింది. ఆ మంచం కోసం ఇంకొకరు ఎదురు చూశారు. డాక్టర్ గారూ, మీ ఆస్పత్రి సమస్య ఎక్కడ మొదలైందో చూడండి. మిడ్‌వైఫ్ అయినా, టీచర్ అయినా రాత్రికి ఎక్కడో పడుకోవాలి కదా.

కుర్రోడూ, వీసా మాట నిజమే. 2025 జులైలో కేర్ వర్కర్ వీసా మీద బయటినుంచి కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు. దానికి ముందే, 2024 మార్చి నుంచి, కొత్తగా వచ్చేవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. కుటుంబం లేకుండా ఒంటిగా వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారు? కానీ వీసా ఇచ్చినా మాకు కేరవానే కదా.

లెక్కల_మాస్టారు

సుజాతమ్మా, నేను ఇప్పటిదాకా చదివిన పోస్టుల్లో ఇదే అసలైంది.

"అక్కడ ఎవరుంటారు" అనేవాళ్లకి ఒక్క మాట. రమ్ దీవిలో 2020 నాటికి ముప్పై చిల్లర మంది జనం. ఆ ఏడే ఊరివాళ్ల ట్రస్టు నాలుగు ఇళ్లు కట్టి అద్దెకిస్తామంటే వందల దరఖాస్తులొచ్చాయి. ఎగ్ దీవిని 1997లో దీవివాళ్లే కొనుక్కున్నారు. అంతకు ముందు ఒక్క యజమాని చేతిలో ఉండేది, ఇల్లు కట్టుకోవాలన్నా, లీజు కావాలన్నా అతని దయ. అప్పుడు 65 మంది దాకా ఉండేవారు, ఇప్పుడు వంద దాటారు. 2008లో సొంత కరెంటు పెట్టుకున్నారు, గాలి, ఎండ, వాగు మీద. అంతవరకూ ఇంటికో డీజిల్ జనరేటర్.

కాటేజీ_రాజు

గ్రాంట్లు లేకుండా ఎగ్ నిలబడేదా మాస్టారూ? వంద మంది కోసం ఎంత ప్రజాధనం? హెబ్రిడీస్ పడమటి దీవుల కౌన్సిల్ మొత్తానికి చూడండి. 2011లో 27,684 మంది, 2022లో 26 వేల చిల్లర. అక్కడ కూడా ఊరి ట్రస్టుల చేతిలో బోలెడు భూమి ఉంది.

లెక్కల_మాస్టారు

అవును, ఉంది. అయినా తగ్గారు. అది నేను కాదనను. భూమి చేతికొస్తే చాలదు, దాని మీద ఇల్లు లేవాలి. దీవికి ఇటుక, కంకర, మేస్త్రీ అన్నీ పడవ మీదే రావాలి కాబట్టి కట్టుబడి ఖర్చు పట్నం కంటే బాగా ఎక్కువ. ప్రభుత్వం 2032కి కట్టాలనుకున్న 1,10,000 ఇళ్లలో పల్లెలకీ దీవులకీ కలిపి పది శాతం అంది. కుటుంబానికి 50 వేల పౌండ్ల దాకా ఇచ్చి దీవులకి పంపిద్దామని 2021లో ఒక ఆలోచన కూడా చేశారు. డబ్బిస్తారు సరే, ఉండేదెక్కడ అని దీవులవాళ్లే నిలదీస్తే మరుసటేడు మానుకున్నారు.

గోదారి గారూ, మీకొక మాట. మార్చి దాకా ఉండి ఈస్టర్‌కి పొమ్మనే అద్దె ఇక్కడ చెల్లదు. 2017 డిసెంబరు నుంచి మొదలైన ప్రైవేటు అద్దెలకి గడువు తేదీ ఉండదు, చట్టంలో రాసిన కారణం లేకుండా ఖాళీ చేయించలేరు. 

గ్లాస్గో_గోదారి

తెలుసు మాస్టారూ, ఓనరుకి ఆ మాట చెప్పాను కూడా. "అయితే చలికాలమంతా ఖాళీగానే ఉంచుకుంటాలే" అన్నాడు. మొన్న మళ్లీ ఆ ఫార్మసీ ప్రకటన చూశాను. పాతదే.

మూడింతల పన్ను మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ 70 రోజుల సందు మూయకుండా ఎంత పెంచినా దండగ.

సుజాత_ఓబన్_దారి

రాజు గారూ, కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నాను. మీ కాటేజీ నవంబరు నుంచి మార్చి దాకా ఖాళీయే కదా? మా దగ్గర ఇద్దరున్నారు, శుభ్రంగా ఉంటారు, అద్దె టైముకిస్తారు.

కాటేజీ_రాజు

ఏ ఊరో మెసేజ్ పెట్టండి మేడమ్, దగ్గరైతే మాట్లాడదాం. కాకపోతే ఏప్రిల్ 3 నుంచి బుకింగులు ఫుల్, అది ముందే చెప్తున్నాను.

సుజాత_ఓబన్_దారి

మరి ఏప్రిల్ 3న వాళ్లని ఎక్కడికి పంపమంటారు? ఈస్టర్ నుంచి కేరవాన్‌లు కూడా టూరిస్టులకే.